సుగంధిపాల: సాగు, ఉపయోగములు

మన బెజ్జంకి ప్రాంతమందలి చెలకల గట్లమీదను, రాతిగుట్టల వాలులలోను, ముండ్లకంచెల మొదళ్ళయందును ఒక సన్నని తీగ ప్రాకుచుండును. చూచుటకు అది యేమంత యందమైనది కాదు. బాటసారి దానిని త్రొక్కి పోవును. మేకలకాపరి మాత్రము ఎండపొద్దున దాని వేరు నొకదానిని పెకలించి, మన్ను దులిపి, నోట వేసికొని నములుచుండును. నోరు చల్లబడును, దప్పి తగ్గును. ఆ వేరు త్రుంచినచోట మంచి వాసన. కాడ త్రుంచినచోట తెల్లని పాలు. ఈ రెండును గలది గనుకనే మన పెద్దలు దానికి సుగంధిపాల యని పేరిడిరి. పాలసుగంధి యనియు కొందరందురు. సంస్కృత వైద్యగ్రంథములలో దీనికి శారిబ యనియు, అనంతమూల మనియు పేరులు.

ఈ తీగను గూర్చి వ్రాయుమని మన సంఘసభ్యులు కొందరు మమ్ము కోరిరి. ఔషధపు మొక్కలు వేసినచో డబ్బు వచ్చునట గదా, ఇది మన నేలలో వచ్చునా యని వారి ప్రశ్న. మరికొందరు పెద్దలు వేరొక మాట చెప్పిరి: మా చిన్ననాట ప్రతి గట్టున నుండిన యీ తీగ నేడు వెదకినను దొరకుట లేదని వారి విచారము. ఈ రెండు మాటలకును సమాధానము ఒక్కటే యని మా యభిప్రాయము. ఆ సమాధానమునే యీ వ్యాసమున విన్నవించుచున్నాము.

మొక్కను గుర్తించుట

సుగంధిపాల బహువార్షికము, అనగా ఒకసారి నాటుకొన్న యెడల పెక్కేండ్లు బ్రతుకునది. గట్టి యెండలకు పైతీగ యెండిపోయినను వేరుమొదలు చావదు. తొలకరి చినుకులు పడగానే మరల చిగురించును. అనంతమూల మను పేరు దానికి తగినదే.

తీగ దారమంత సన్నము. ముదిరినచో పెన్సిలుకన్న లావు కాదు. కణుపులవద్ద కొంచెము ఉబ్బియుండును. ఆకులు కణుపునకు రెండేసి, ఎదురెదురుగా పుట్టును. వీని రూపము చూచి మోసపోవువారు పెక్కుమంది. ఏలయన ఒకే తీగపై కొన్ని ఆకులు గడ్డిపోచవలె సన్నగాను, కొన్ని కోలగా వెడల్పుగాను ఉండును. కాని ముదురు ఆకుపచ్చ రంగు గల యాకు నడుమ యీనెవెంబడి తెల్లని చార యుండుట దీని గురుతు. చలికాలమున ఆకుల మూలల చిన్నచిన్న పూవులు గుత్తులుగా పూయును. అవి వెలుపల ఆకుపచ్చగా, లోపల ఊదారంగుగా నుండును. తరువాత కాయలు జంటజంటలుగా, ఎద్దుకొమ్ములవలె రెండుప్రక్కలకు విడి, సన్నగా పొడవుగా పెరుగును. కాయ పగిలినపుడు ప్రతి గింజకు తెల్లని పట్టుకుచ్చు కనబడును. ఆ కుచ్చును పట్టుకొని గాలి గింజను దూరముగా కొనిపోవును.

వేరు పొడవు, వంకరలు తిరిగియుండును. పైపట్ట ముదురు గోధుమ రంగు. లోపల కట్టెవంటి బెండు. వాసన యంతయు పట్టలోనే యున్నది. గోటితో పట్టను గీరి ముక్కునకు చేర్చినచో వెనిల్లా వాసన వంటి కమ్మదనము తెలియును. ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఇంగ్లీషువారు దీనిని దేశీయ సార్సపరిల్లా యనిరి. అసలు సార్సపరిల్లా మెక్సికో, హోండూరసు మొదలగు దేశములనుండి వచ్చు వేరొక తీగ వేరు. దానికి బదులుగా మన వేరును వాడవచ్చునని తెలిసిన తరువాత, 19వ శతాబ్దమున బ్రిటిషు ఔషధ గ్రంథమందును, 1868లో వెలువడిన ఇండియా ఔషధ గ్రంథమందును దీనికి చోటు దొరికెను. గోదావరి మండలములోని సామర్లకోటలో నుండి మన చెట్లను, వాని తెలుగుపేర్లతోసహా వ్రాసికొన్న విలియం రాక్సుబరో దొర కూడ ఈ తీగను వర్ణించి, ‘అబద్ధపు సార్స’ యను అర్థము వచ్చు శాస్త్రనామ మొకటి దీనికి పెట్టెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పేరు వదలి హెమిడెస్మస్ ఇండికస్ అను పేరును నిలిపిరి. అబద్ధపుదని పేరుపడినను, పట్టణములకు ఎగుమతియైనది మన గట్టుమీది వేరే.

పోలికగల తీగలు

సుగంధిపాల పేరుతో అమ్మబడు ప్రతి వేరును సుగంధిపాల కాదు. మూడు తీగలను మన రైతులు వేరుగా తెలిసికొనవలెను.

మొదటిది నల్లతీగ. దీని కాడలోను పాలున్నవి, ఆకులును ఎదురెదురుగనే యుండును. కాని ఆకు పెద్దది, నడుమ తెల్లచార లేదు, లేతకొనలపై తుప్పురంగు నూగు కనబడును, పూవులు తెల్లన. వేరునకు ఆ కమ్మని వాసన లేదు.

రెండవది అడవిపాలతీగ. ఇది బలిసిన పెద్ద తీగ. ఆకులు వెడల్పు, క్రిందివైపు వెలవెలబోయి యుండును. దీని వేరునకును సుగంధము లేదు. వైద్యులు శారిబను తెల్లనిది, నల్లనిది అని రెండు విధములుగా చెప్పి, ఈ రెండు తీగలను నల్లశారిబగా వాడుట కలదు. కావున ఇవి పనికిమాలినవని మేమనము; సుగంధిపాలకు బదులు కావని మాత్రమే చెప్పుచున్నాము.

మూడవది మారేడుగడ్డ. ఇది మన ప్రాంతపుది కాదు. నల్లమలలోను, శేషాచలములోను, రాయలసీమ రాతికొండలలోను దొరకును. దీని వేళ్ళు వ్రేలంత లావు, కండగలవి. వాసన సుగంధిపాలదే; రెండింటి వాసనకును మూలమైన ద్రవ్యము ఒక్కటే యని రసాయన శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రాయలసీమలో వేసవియందు త్రాగు నన్నారి షర్బతు చాలవరకు ఈ గడ్డలతో చేయబడుచున్నది. చెంచులు, యానాదులు మొదలగువారు వీనిని త్రవ్వి అమ్ముదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నన్నారి షర్బతును సీసాలకెత్తి అమ్ముచున్నది. కాని ఈ గడ్డలకొరకు మొక్కనంతను పెకలించుటచే కొండలలో అది నానాటికి అరుదగుచున్నదని వృక్షశాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. వారి కొండలలో జరిగినదే మన గట్లమీదను జరుగుచున్నది.

పెద్దల వాడుక

మన పల్లెలలో సుగంధిపాలను చలువచేయు వస్తువుగా నెంతురు. వేసవిలో ఒంటికి వేడిచేసి మూత్రము మండినపుడు వేరును నలుగగొట్టి నీటిలో నానవేసి త్రాగింతురు. సెగగడ్డలు, చిడుము, దురద మొదలగు చర్మబాధలలో రక్తశుద్ధికని యిత్తురు. ఆకలి మందగించినవారికి పాలలో వేసి కాచి యిచ్చుట కలదు. ఆయుర్వేద వైద్యులు చేయు శారిబాద్యాసవమునకు ఇదియే ప్రధాన ద్రవ్యము.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. వేరును చాలసేపు తెరచిన గిన్నెలో మరిగించినయెడల వాసనయంతయు ఆవిరితో పోవును. పూర్వపు ఔషధ గ్రంథములును దీనిని కషాయముగా కాచుటకంటె వేడినీట నానవేయుటయే మేలని చెప్పినవి. మన ముసలమ్మలు వేరును రాత్రి కుండలో నానవేసి తెల్లవారి త్రాగించుట ఊరక కాదు.

పెద్దలు వాడిరి గదాయని ప్రతి రోగమునకు దీనినే నమ్ముకొని యుండరాదు. జ్వరము మూడుదినములు తగ్గనిచో, పుండు మానకున్నచో, మూత్రమున రక్తము కనబడినచో వైద్యశాలకు పోవలెను. గర్భిణులును, చంటిబిడ్డల తల్లులును, నిత్యము మందులు వాడువారును వైద్యుని అడుగక దీనిని మందుగా తీసికొనరాదు. మధుమేహము గలవారు షర్బతు జోలికి పోకుండుట మంచిది. అందు వేరుకన్న చక్కెరయే యెక్కువ.

షర్బతు చేయు విధము

పావుకిలో తాజావేళ్ళను మన్ను పోవునట్లు కడిగి, రోటిలో నలుగగొట్టి, లోపలి బెండును తీసివేయవలెను. మిగిలిన పట్టను మూతగల గిన్నెలో వేసి, రెండు లీటర్ల నీటిని కాచి పోసి, మూతపెట్టి రాత్రియంతయు ఉంచవలెను. మరునాడు పలుచని గుడ్డలో వడియగట్టి, రెండుకిలోల చక్కెర కలిపి, సన్నని సెగపై చక్కెర కరగి చేతికి కొంచెము జిగురు తగులువరకు కాచి దింపవలెను. ఉడుకు గట్టిగా రానీయరాదు. చల్లారిన తరువాత ఆరిన గాజుసీసాలలో పోసి మూత బిగింపవలెను. రెండు చెంచాల పాకమును గ్లాసెడు కుండనీటిలో కలిపి, నిమ్మకాయ సగము పిండినచో ఎండనబడి వచ్చినవానికి ప్రాణము లేచివచ్చును. చక్కెరకు బదులు బెల్లమును వాడవచ్చును. రంగు నలుపగును, నిలువ తక్కువ.

తీగ తగ్గుటకు కారణములు, మా పొరబాటు

ఈ తీగ ఎందుకు తగ్గినది? కాలువనీరు, బోరునీరు వచ్చిన తరువాత చెలకలు పెక్కు వరిమడులైనవి. మడిలోని తేమకు సుగంధిపాల నిలువజాలదు. మిగిలిన గట్లను యంత్రములతో చదునుచేసి సన్నముచేసితిమి. కలుపుమందును పైరుతోబాటు గట్లమీదను చల్లుచున్నాము. గడ్డి చచ్చుటతోబాటు ఇదియు చచ్చుచున్నది. కరీంనగరము చుట్టుపట్ల గుట్టలే నల్లరాతికొరకు పగులగొట్టబడినవి. వీనియన్నిటికితోడు వేరుకొనువారు వచ్చినపుడు కూలికి పోయినవారు గడ్డపారతో మొదలంట పెకలించిరి.

పరులను నిందించుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట మేము ప్రదర్శన క్షేత్రమున సుగంధిపాలను నాటవలెనని ఉత్సాహపడితిమి. బెజ్జంకికి చేరువనున్న యొక బంచరాయి అంచున ఇది దట్టముగా నుండెను. నలుగురు కూలీలను పెట్టి ఒక్కదినములో దానినంతను త్రవ్వించితిమి. వైశాఖమాసపు ఎండ, తెచ్చిన తీగలను సాయంత్రమువరకు గోనెక్రింద నుంచి, మరునాడు నాటితిమి. పదునైదు దినములలో అన్నియు ఎండిపోయినవి. మేము ఎట్లును పోయిన మొక్కలని ఊరకుంటిమి. మరుసటి వానాకాలమున ఆ బంచరాయివద్ద మేకలు మేపుకొను ఒక వృద్ధుడు మమ్ము నిలిపి ఇట్లనెను: “సారూ, మా పెద్దలు పక్క ఏర్లు తీసుకొని తల్లిని ఇడిచేటోళ్లు. మీరు తల్లినే తవ్విన్రు. ఇగ మా పిల్లలకేముంటది?”

మాకు నోట మాట రాలేదు. మేము బడిలో వృక్షశాస్త్రము చదివితిమి. బహువార్షికమను మాటకు అర్థము పరీక్షలో వ్రాసి మార్కులు పొందితిమి. ఆ యర్థమును ఎరిగి నడచుకొన్నది మాత్రము బడికి పోని యా ముసలివాడే. ఆ బంచరాయి అంచున నేటికిని సుగంధిపాల లేదు. ఆ దారిన పోవునపుడెల్ల మా కన్ను అటే పోవును. ఈ వ్యాసము వ్రాయుటకు అదియు ఒక కారణము.

నేల, నారు

సుగంధిపాలకు నీరు నిలువని నేల కావలెను. మన ఎఱ్ఱచెలక, గరుసుకలిసిన దుబ్బనేల దీనికి తగినవి. నల్లరేగడిలో వేరు సాగదు, త్రవ్వుటయు కష్టము. కొంచెము నీడను ఓర్చుకొనును. కనుక మామిడితోటలలో చెట్లనడుమను, కంచెల మొదళ్ళలోను పెట్టవచ్చును.

నారు మూడు విధములుగా చేయవచ్చును.

ఒకటి, వేరుమొదలి ముక్కలు. ఇదియే నమ్మదగిన పద్ధతి. రెండేండ్లు దాటిన మొక్కనుండి, మొగ్గలు గల వేరుమొదలిని రెండుమూడు అంగుళముల ముక్కలుగా కోయవలెను. ఎఱ్ఱమన్ను, ఇసుక, మాగిన పెంట సమపాళ్ళుగా కలిపిన సంచులలో, మృగశిర కార్తె వానలు పడిన తరువాత పెట్టి, నీడలో నుంచి, తడి ఆరకుండ చూడవలెను. సుమారు నెలదినములకు చిగురు కనబడును. తల్లిమొక్కను చంపక, ప్రక్కకు పోయిన మొదళ్ళను మాత్రమే తీయవలెను.

రెండు, గింజలు. కాయ గోధుమరంగు తిరిగి, పగులక ముందే కోసి, గుడ్డసంచిలో నుంచినచో గింజ గాలికి పోదు. కుచ్చును నలిపివేసి, ఆ సంవత్సరపు గింజనే విత్తవలెను. పాతగింజ మొలకెత్తు శక్తిని త్వరగా కోల్పోవును. సంవత్సరము దాచిన గింజ నెవరైన వెలకిచ్చినచో కొనకుడు.

మూడు, తీగముక్కలు. లేతవి గాక, మరీ ముదిరినవి గాక, రెండుమూడు కణుపులు గల ముక్కలను వానాకాలమున నీడలో పెట్టిన కొన్ని వేరు తన్నును, పెక్కు పోవును. వేసవిలో పెట్టుట వృథా. ఆ పాఠము మేము పైనచెప్పినట్లు నేర్చుకొంటిమి.

నాటుట, పోషణ

నారు రెండుమూడు నెలలది కాగానే వానలు ముగియకముందే పొలమున నాటవలెను. నేలను లోతుగా దున్ని, మాగిన పెంట వేసి, బోదెలు కట్టి, బోదెకు బోదెకు రెండడుగులు, మొక్కకు మొక్కకు ఒక అడుగు ఎడముంచినచో గుంటకు సుమారు 540 మొక్కలు పట్టును. గుల్లయైన బోదెలో వేరు తిన్నగా దిగును. గట్టినేలలో మెలికలు తిరిగి, త్రవ్వునపుడు విరిగిపోవును.

ఆరంభమున పొలమునకంటె గట్టే మేలని మా సలహా. గట్టుమీద జానెడు గుంటలు అడుగున్నర యెడముగా త్రవ్వి, గుప్పెడు పెంటతో మొక్క పెట్టినచో, నూరడుగుల గట్టునకు 66 మొక్కలు పట్టును. పైరునకు అడ్డు రాదు, వేరు గట్టుమన్నును పట్టియుంచును. అయితే ఆ గట్టుపై కలుపుమందు చల్లరాదు. కొడవలితో గడ్డి కోయవలెను.

మొదటి యేడు రెండుమూడు కలుపులు తీయవలెను. వాన లేనపుడు పదిపదునైదు దినముల కొక తడి చాలును. ప్రాకుటకు కందికట్టెలు గుచ్చిన సరిపోవును. రెండవ యేటనుండి పని తక్కువ.

చీడపీడలు విశేషముగా లేవు. ఒక్క పురుగును మాత్రము చెప్పవలసియున్నది. నల్లని మీసములవంటి కొమ్ములు జంటజంటలుగా కలిగి, ఒంటిపై తెల్లని పట్టీలుగల గొంగళి యాకులు తినును. ఇది ముదురుగోధుమ రంగు రెక్కలకు తెల్లని చుక్కల అంచు గల సీతాకోకచిలుక పిల్ల. దాని గూడు బంగారుపూత పూసినట్లు మెరయుచు ఆకుక్రింద వ్రేలాడును. పిల్లలు దానిని చూచి వింతపడుదురు. కొద్దిగా నున్నచో విడువుడు, ఎక్కువైనచో ఏరివేయుడు. మందు కొట్టవలసిన పనిలేదు. మనము మందుగా త్రాగు వేరుపై విషము చల్లుట అవివేకము.

త్రవ్వుట, ఆరబెట్టుట

రెండేండ్లు నిండకముందు వేరు త్రవ్వరాదు. మూడేండ్లు ఆగినచో ఇంకను మంచిది. ఆకు ముదిరి వానలు వెనుకబట్టిన చలికాలము త్రవ్వుటకు అనుకూలము. ముందుదినము నేలను తడిపి, మొక్కకు జానెడు దూరమునుండి మన్నును వదులుచేసి, ఒకప్రక్క వేళ్ళను మాత్రము తీసికొని, మొదలును, రెండవప్రక్క వేళ్ళను వదలి, మన్ను కప్పి, ఒక తడి యీయవలెను. తరువాతిసారి రెండవప్రక్క. మేకలకాపరి వృద్ధుడు చెప్పిన పద్ధతి ఇదియే. ఇట్లు చేసినచో మరల నాటు ఖర్చు లేదు, తీగయు వంశముతో నిలుచును. పొలమున బోదెపై వేసినవారు పూర్తిగా త్రవ్వదలచినచో, అదేదినమున వేరుమొదలి ముక్కలను తిరిగి నాటవలెను. త్రవ్వినవాడే నాటవలెను, ఇది మా సంఘపు నియమము కావలెనని మా కోరిక.

త్రవ్విన వేళ్ళను నీటిలో నానవేయక, త్వరగా కడిగి, బెత్తెడు ముక్కలుగా కోసి, గాలి యాడు నీడలో చాపలపై పలుచగా పరచవలెను. మండుటెండలో వేసినచో వాసన పోవును. వాసన పోయిన సుగంధిపాలకు వెల లేదు. విరచినపుడు ఫట్టున విరిగినచో ఆరినట్లు. అప్పుడు శుభ్రమైన గోనెసంచులలో కట్టి, ఎరువులు, పురుగుమందులు లేని గదిలో, నేలకు తగులకుండ కట్టెలపై పెట్టవలెను.

ఎకరమునకు ఎంత దిగుబడి యని అడుగుదురు. నేలనుబట్టి, వయసునుబట్టి అది చాల మారును. వ్యాపారులు కాగితముపై చూపు పెద్ద అంకెలను నమ్ముటకంటె, మీ గట్టుమీది పది మొక్కలను త్రవ్వి, పచ్చివేరును ఒకసారి, ఆరిన తరువాత మరియొకసారి తూచి చూచుకొనుడు. మీ నేల చెప్పు లెక్కకన్న నిజమైన లెక్క లేదు.

అమ్మకము, సంఘము చేయదగిన పని

ఔషధపు పంటలలో రైతు నష్టపడునది పొలమున గాదు, అంగడిలో. మేమెరిగిన యొక రైతు, పేరుచెప్పనక్కరలేని యొక వ్యాపారి మాటలు నమ్మి, నారుకు ముందుగా సొమ్ముచెల్లించి, అరయెకరమున నాటెను. పంటను మేమే కొందుమన్నవారు వేరు త్రవ్వునాటికి కనబడలేదు. అంతటితో పోలేదు, ఆ నారులో సగము సుగంధిపాలయే కాదు, నల్లతీగ! రెండేండ్ల పొలము, నీరు, కూలి నీటిపాలయ్యెను. నాడు ఆ రైతు వేరును గోటితో గీరి వాసన చూచియున్న యెడల సగము నష్టము తప్పియుండును.

కావున కొనువానిని నిశ్చయించుకొనక ఎక్కువ భూమిలో వేయకుడు. పచ్చివేరు కావలెనా, ఆరినదా, బెండుతోనా, పట్టయేనా, తేమ ఎంతవరకు ఒప్పుకొందురు, సంచి కూలి ఎవరిది, సొమ్ము ఎన్నాళ్ళకు ఇత్తురు అను సంగతులు కాగితముపై వ్రాయించుకొనవలెను. వరి, మొక్కజొన్న, పత్తి వేయు భూమిని దీనికి మార్చవలదు. ఒక గట్టు, లేక రెండు గుంటలు, ఇంతటితో ఆరంభింపుడు.

ఒక రైతు పదికిలోల వేరుతో అంగడికి పోయినచో బేరము కొనువానిది. నలుబదిమంది సరకు ఒకచోట చేరినచో బేరము మనది. మనకు దూరము గాని ముల్కనూరు సహకారసంఘము 1956లో స్థాపితమై, అప్పు, ఎరువు, విత్తనము, సరకు అమ్మకము ఒకేచోట జరిపి చూపినది. వారు వడ్లతో చేసినపని మనము వేరుతో చేయలేమా? సంఘము తరఫున ఒక నారుమడి, ఆరబెట్టుటకు ఒక నీడపందిరి, వాసనచూచి తెల్లనల్ల తీగలను వేరుచేయు ఇద్దరు అనుభవశాలురు, ఒక తూకము, ఒక పుస్తకము ఉన్నచో చాలును. షర్బతు చేయు పనిని మహిళాసంఘములవారు చేపట్టినచో వేరుకన్న విలువయు హెచ్చును. అయితే అమ్మకమునకు పెట్టు షర్బతునకు ఆహారభద్రతా శాఖవారి అనుమతి కావలెను.

ప్రభుత్వ అడవిలో అనుమతిలేక వేరు త్రవ్వుట నేరము. సాగుచేసిన సరకునకు సాగుచేసినదను ఆధారముండుట రైతునకే మేలు. 2002 నాటి జీవవైవిధ్య చట్టమును 2023లో సవరించినపుడు, సాగుచేసిన ఔషధపు మొక్కలకు పుట్టుక ధ్రువపత్రము ఏర్పాటు చేసిరి. కావున ఏ గట్టున ఎన్ని మొక్కలు ఏ తేదీన నాటినదియు సంఘపుస్తకమున వ్రాయించుకొనుడు. నారు విషయమునను, సాగు విషయమునను సందేహమున్నచో, మన సిద్దిపేట జిల్లాలోనే ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. రాజేంద్రనగరమున ఔషధ సుగంధ మొక్కల పరిశోధన స్థానమును, హైదరాబాదు బోడుప్పలులో కేంద్రప్రభుత్వ ఔషధ సుగంధ మొక్కల సంస్థవారి పరిశోధన కేంద్రమును కలవు. అచ్చటివారి నడుగుటకు రైతు జంకనక్కరలేదు.

ముగింపు

సుగంధిపాల మనలను ధనవంతులను చేయునని మేము చెప్పము. అట్లు చెప్పువారిని నమ్మవలదనియే చెప్పుచున్నాము. కాని కర్చు తక్కువై, కరవునకు చావక, గట్టును పట్టియుంచి, వేసవిలో ఇంటిల్లిపాదికి చలువనిచ్చి, మిగిలినది నాలుగు రూపాయలు తెచ్చు తీగ యిది. గుట్టమీద దానిని త్రవ్వుట మానవలెను. గట్టుమీద దానిని నాటవలెను. డబ్బు కావలెనన్నవారికిని, తీగ నిలువవలెనన్నవారికిని మేము చెప్పదలచిన సమాధాన మింతే.

ఈ యేటి మృగశిరకు సభ్యులు ఒక్కొక్కరు పదేసి మొక్కలు నాటినచో, మూడేండ్లకు మన యూళ్ళ గట్లపై మరల ఆ తెల్లచార ఆకు కనబడును. మేము మా వంతుగా ఆ బంచరాయి అంచున ముప్పది మొక్కలు నాటుటకు నారు పెట్టియున్నాము. ఆ మేకలకాపరి వృద్ధుడు కావలి కాచెదనని మాట యిచ్చినాడు. నారు కావలసిన సభ్యులు సంఘ కార్యాలయమున తమ పేరును, గట్టు పొడవును వ్రాయింపవలెనని ప్రార్థన.